రంపం లాగుడు, తాడు కొసన రాజమ్మ

ధర్మపురిలో మిషన్లు రిపేరు చేసే అంగడి ముందర నేను కూర్చుని ఉంటే, కొత్తగా చెట్లు కోసే పనిలోకి దిగినవాళ్లు వచ్చి అందరూ ఒకటే అడుగుతారు. "పెద్దనాయనా, పాత రంపం మేలా, కొత్త రంపం మేలా? లాగుడు దేనికి ఎక్కువ? ఏది బిరీన కోస్తుంది?" అంగడాయన టీ తెప్పించేలోపల చెప్పి ముగించే జవాబు కాదు అది. అందుకే రాస్తా ఉన్నాను.

మా నాయన నాకు తెలుగు అక్షరాలు నేర్పించినాడు. మా వీధిలో అందరం ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ, బడి అంతా అరవం కాబట్టి చదివేవాళ్లు లేరు. నా కూతురు రమణికి కూడా రాదు. "నువ్వు రాసి చదువు నాయనా, నేను నీ గొంతు ఫోన్లో పట్టి అందరికీ పంపిస్తాను" అనింది. సరే అన్నాను.

కాంట్రాక్టులు ఎట్ల వచ్చినాయి, ఏ ఆఫీసులో ఎవరి సంతకం, అవేమీ ఇందులో ఉండవు. వాటిని మీరే నేర్చుకుంటారు. వాటికంటే ముందర తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

లాగుడు అంటే ఏంది

నేను పని చేసిందంతా మాణిక్యం అనే కాంట్రాక్టరు దగ్గర. రోడ్డు పక్క చెట్లు, పొలాల్లో ఎండిపోయిన మాన్లు, గాలికి ఒరిగినవి, అన్నీ ఆయనకే వచ్చేవి. ఆయన కన్నడ సీమలో ఒక కాఫీ తోట నుంచి పాత ఇంజన్ రంపం ఒకటి కొనుక్కొచ్చినాడు. ఎత్తితే నీళ్లు నింపిన బిందె ఎత్తినట్టు ఉండేది. తాడు లాగి స్టార్టు చేసేదానికే సగం బలం పోయేది. గొలుసు పల్లు పెద్దవి, తిరిగేది నిదానంగా. కానీ ఎండిన చింతమాను మధ్యలో, గొలుసు తిరిగే ఆ పొడుగు బార్ అంతా మునిగిపోయినా అది నిలిచిపోయేది కాదు. ఒళ్లంతా బరువు పెట్టి నొక్కినా గొంతు తగ్గించుకుని, మూలుగుతా, కోస్తానే ఉండేది.

దాన్నే టార్క్ అంటారు. మనం లాగుడు అంటాం. పాలకోడు చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు లోడుతో ఎగువ ఎక్కే ట్రాక్టర్ని చూసినారు కదా? దాని పక్కనే ఒక మోటారు సైకిలు సర్రున దాటిపోతుంది. వేగం మోటారు సైకిలుది. చెరుకు లోడు దానికి కట్టండి చూద్దాం. పాత రంపం ట్రాక్టర్, కొత్త రంపం మోటారు సైకిలు. ఇంతవరకు ఎవరైనా చెప్తారు. ఇక్కడితో ఆగిపోయేవాళ్లు సగమే తెలుసుకున్నట్టు.

తాడు కొసన

చెట్టు కోసేవాడికి చెట్టు కనపడదు. ఇది మొదట అర్థం చేసుకోండి. వాడికి కనపడేది మొదలు, బార్, ఎగిరే పొట్టు. అంతే. పైన తల ఎటు ఊగుతా ఉందో వాడికి తెలియదు. ఆ చూపు తాడు పట్టుకున్నవాళ్లది. పై కొమ్మకు కట్టిన తాడును దూరంగా లాగి పట్టుకుని, చెట్టును మనం అనుకున్న పక్కకు పడేట్టు చేసేది వాళ్లు.

మా గుంపులో తాడు లాగేవాళ్లకు పెద్ద నా పెండ్లాం రాజమ్మ.

రాజమ్మ మా అక్క కూతురే. పెండ్లయిన కొత్తలో మధ్యాహ్నం సద్ది తెచ్చి ఇచ్చేదానికి వచ్చేది. వచ్చినది ఊరికే కూర్చునే రకం కాదు. ఒకరోజు తాడు లాగే మొగోళ్లను చూసి గట్టిగానే అనింది.

"వీళ్లందరూ మాను మొదల్నే చూస్తా లాగుతారేంది మామా? పడేది తల కదా. తలని చూడొద్దా?"

పక్కనే ఉన్న మాణిక్యం విన్నాడు. ఆయన మాట్లాడేది అరవం, నేను తెలుగులో రాస్తా ఉన్నాను. "అట్లయితే నువ్వే నిల్చోమ్మా, ఎట్ల లాగాలో చెప్పు" అన్నాడు. వేళాకోళానికి అన్నాడో, నిజంగానే అన్నాడో. రాజమ్మ కొంగు నడుముకు దోపుకుని పోయి నిలబడింది. ఆ రోజు నుంచి మా గుంపులో లాగేవాళ్లందరూ ఆమె చెయ్యి చూసే లాగేవాళ్లు.

ఇంజన్ మోతలో అరుపులు వినపడవు. అందుకని ఆమె ఒక సన్న తాడు తెచ్చి, ఒక కొస తన చేతిలో పెట్టుకుని ఇంకో కొస నా నడుములో దోపింది. కట్టకూడదు, ఊరికే దోపాలి, ఎందుకంటే పరుగెత్తేటప్పుడు అది ఊడిపోవాలి. ఒకసారి లాగితే ఆగు అని. వరసగా లాగితే రంపం పడేసి పరుగెత్తు అని. ఆ తాడు కదిలితే ఎందుకని ఆలోచించకుండా పాటించినాను. మీరూ అట్లనే చేయండి.

రంపం గొంతు

అదియమాన్‌కోట్టై పక్కన రోడ్డు వెడల్పు చేసేటప్పుడు వరసగా చింతమాన్లు కోసినాము. ఒక మాను చూసేదానికి రాయి లాగ ఉంది. మాను పడాల్సిన పక్క నోరు మాదిరి గాటు కోసి, వెనక నుంచి పాత రంపం దించినాను. సగం కూడా పోలేదు, నడుములో తాడు ఒకసారి లాగింది. ఆపి వెనక్కి తిరిగినాను.

రాజమ్మ నడిచి వచ్చింది. "లోపల బోలు ఉంది మామా" అనింది.

"నీకెట్ల తెలుసు? పైనేమన్నా ఊగిందా?"

"ఊగలేదు. నీ మిషను గొంతు లేచింది. ఇంతసేపూ మూలుగుతా ఉండింది, ఇప్పుడు ఊపిరి తీసుకున్నట్టు లేచింది. లోపల కోసేదానికి కట్టె లేదు."

బార్ బయటికి తీసి చూస్తే కొసకి నల్లటి మెత్తటి పొడి అంటుకుని ఉంది. లోపలంతా పుచ్చు. నేను అనుకున్నంత కట్టె ఆ మానులో లేదు. ఇంకో తాడు కట్టి, మనుషుల్ని ఇంకా దూరంగా పంపించి, కొంచెం కొంచెంగా కోసి దించినాము.

పాత రంపంలో నాకు ఇప్పటికీ కావాలనిపించేది అదే. లాగుడు ఎక్కువ ఉన్న ఇంజన్, బరువు పడితే గొంతు మెల్లమెల్లగా దించుతుంది, బరువు తగ్గితే మెల్లగా లేపుతుంది. చెట్టు లోపల ఏముందో అది చెప్తానే ఉంటుంది. నేను దాన్ని చేతులతో విన్నాను. ఆమె అంత దూరం నుంచి చెవులతో వినింది. పని చేసేటప్పుడు మేము మాట్లాడుకునేది లేదు. అయినా ఆ మోత సాగినంతసేపూ ఇద్దరం ఒకే మాట వింటా ఉన్నట్టు ఉండేది. ఇప్పుడు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది, ఆ మోత కోసం చెవులు కొట్టుకుంటాయి.

పాలకోడులో పందెం

ఒకరోజు మాణిక్యం కొత్త రంపం తెచ్చినాడు. తేలిగ్గా, నారింజ రంగులో, చేతికి అదురు తగలకుండా స్ప్రింగులు, ఎగిరిపడితే గొలుసు ఆగిపోయేదానికి బ్రేకు. నాకు దాన్ని చూస్తేనే ఒళ్లు మండింది. ఈయనకు పని బిరీన ముగించాలనే ఆశ, అంతే అనుకున్నాను.

పాలకోడులో ఒక కట్టెల డిపో ముందర రెండింటికీ పందెం పెట్టినారు. పాతది నా చేతిలో. కొత్తది దాన్ని అమ్మిన అంగడి నుంచి వచ్చిన అతని చేతిలో. టమోటా మార్కెట్‌కి వచ్చిన రైతులు కూడా నిలబడి చూసినారు.

మొదట నీలగిరి దుంగ. కొత్తది కీచుమని అరిచి, అరటి బోదెలో కొడవలి దిగినట్టు దిగిపోయింది. నా రంపం ఇంకా సగంలోనే ఉంది. జనం నవ్వినారు.

రెండోది ఎండిన చింత మొద్దు, రెండు చేతులు చాపినా కౌగిట్లో పట్టనిది. ఇక్కడ కథ తిరిగింది. కొత్తది పట్టుకున్నాయన నొక్కినాడు, అది కీచుమనింది, నిలబడిపోయింది. మళ్లీ లాగి నొక్కినాడు, మళ్లీ నిలబడింది. నా రంపం మూలుగుతా అవతలికి వచ్చేసింది. ఇప్పుడు జనం నా పక్క అరిచినారు. నేను మీసం మీద చెయ్యి వేసినాను.

రాజమ్మ మాత్రం నవ్వలేదు. కొత్త రంపం దగ్గరికి పోయి చూసింది. "ఆ అన్న ఊరికే నొక్కుతా ఉన్నాడు మామా. నువ్వు పట్టుకో, నొక్కకుండా కొయ్యి చూద్దాం."

"నాకెందుకు అది?"

"పట్టుకోమంటా ఉన్నాను కదా."

అందరి ముందర కాదనలేక పట్టుకున్నాను. ఆకురాయితో పల్లు ఒక్కొక్కటీ పదును పెట్టి, రంపం బరువు మీదనే వదిలినాను. నేను నొక్కలేదు. గొలుసు ఎంత తీసుకుంటే అంత. అది పోయింది. పాతదానికంటే కొంచెం నిదానంగా, కానీ ఎక్కడా నిలబడకుండా అవతలికి పోయింది.

మీరు అడిగినదానికి జవాబు ఆ మొద్దులో ఉంది. లాగుడు ఉన్న రంపం మన తొందరను, మొద్దుబారిన పల్లను కూడా భరిస్తుంది. వేగం ఉన్న రంపం భరించదు. దానికి పదును కావాలి, మన ఓపిక కావాలి. పొట్టు అటుకుల మాదిరి రాలుతా ఉంటే పదును ఉంది అని. పిండి మాదిరి వస్తే రంపాన్ని తిట్టకుండా ఆపి ఆకురాయి తీయండి. చిన్న చెట్లకు, కొమ్మలకు, మెత్తటి కట్టెకు కొత్తదే మేలు, అందులో వాదనే లేదు. పెద్ద మాన్లకు పెద్ద ఇంజన్ కావాలి, అది పాతదైనా సరే, కొత్తదైనా సరే. వయసు చూసి రంపాన్ని ఎంచుకోవద్దు.

ఆ రోజు నుంచి మాణిక్యం నా చేతికి కొత్తదే ఇచ్చినాడు. పాతది ఆయన షెడ్డులో పడింది.

పెన్నాగరం రోడ్డులో

కొత్త రంపంతో మొదటి నెలలు రాజమ్మకు కష్టమైనాయి. అది ఎప్పుడూ ఒకటే కీచు గొంతు. కట్టె ఉన్నా, బోలు ఉన్నా, దూరానికి ఒకటే మాదిరి వినపడుతుంది. నిలబడిపోయేంతవరకు ఏమీ చెప్పదు.

"దీని మాట నాకు అర్థం కావడం లేదు మామా" అనింది ఒకరోజు సద్ది తినేటప్పుడు.

"అట్లయితే మాణిక్యంతో చెప్పి పాతదే తెచ్చుకుంటాను."

"వద్దు" అని గట్టిగా అనింది. "నేనే నేర్చుకుంటాలే."

ఆమె నేర్చుకున్నది ఏందంటే, ఆపించడం. కొంచెం కోసినాక నడుములో తాడు లాగేది. నేను ఇంజన్ ఆపేయాలి. ఇద్దరం ఊరికే నిలబడి మాను ఏమంటుందో వినాలి. తర్వాత మళ్లీ స్టార్టు. కొంచెం దూరం, మళ్లీ ఆపు.

పెన్నాగరం పోయే రోడ్డులో ఒక టీ అంగడి పక్కన మాను కోస్తా ఉన్నాము. మాణిక్యం లారీ పక్కన నిలబడి చూస్తా చూస్తా ఓపిక పోయి అరిచినాడు. "వెంకటేశూ! స్పీడు మిషను తెచ్చి ఇచ్చింది మాటిమాటికీ ఆపుకునేదానికా?"

రాజమ్మ దూరం నుంచే జవాబు ఇచ్చింది. "మిషనుకు స్పీడు ఉందిలే అణ్ణా. మానుకు లేదు."

ఆ నిశ్శబ్దంలోనే లోపల నుంచి సన్నగా ఒక శబ్దం వచ్చింది. ఎండిన కందికట్టె విరిచినట్టు. తర్వాత ఇంకొకటి. నేను కోసిన పక్క నుంచి కాదు, పై నుంచి, రెండు కొమ్మలు చీలే చోటు నుంచి. రాజమ్మ చెయ్యి ఎత్తి టీ అంగడి వైపు ఊపింది. మాణిక్యం ఒక్క మాట అడగలేదు. ఆ లావు మనిషి పరుగెత్తుకుంటా పోయి, బెంచీల మీద ఉన్నవాళ్లను లేపి, టీ కాసే ముసలామెను రెక్క పట్టుకుని రోడ్డు అవతలికి తెచ్చినాడు. నేను కూడా రంపం వదిలేసి పరుగెత్తినాను. సగం మాను దానంతట అదే చీలి, అంగడి రేకుల మీద పడింది. ఇంజన్ మోగుతా ఉండి ఉంటే ఆ శబ్దం ఎవరికీ వినపడి ఉండదు.

మాణిక్యం గురించి నా అభిప్రాయం దాపరికం లేకుండా చెప్తాను. నోరు చెడ్డది. తొందర ఎక్కువ. కానీ ప్రాణాల దగ్గర తన మాటే గెలవాలని పట్టు పట్టలేదు. ఆ ముసలామెకు రేకులు తనే వేయించి ఇచ్చినాడు. తన దగ్గర పని చేసే మిగతా గుంపులకు కూడా, "కోసేటప్పుడు నడుమ నడుమ ఆపండి, వినండి" అని ఆయనే చెప్పడం మొదలుపెట్టినాడు. ఇట్లాంటి మేస్త్రి దొరికితే తిట్లు పడుతూనైనా ఆయన దగ్గరే ఉండండి.

చేతులు

పాత రంపాన్ని తలుచుకుని నేను ఎంత బాధపడినా, ఒక నిజం రాయకుండా ఉండలేను. ఆ అదురు నా చేతుల్ని తినేసింది. పొద్దున చలిలో వేళ్లు సున్నం పూసినట్టు తెల్లబడతాయి. చొక్కా గుండీ పెట్టుకోలేను. కొత్త రంపానికి ఆ స్ప్రింగులు ఊరికే పెట్టలేదు. చెవులకు కప్పులు, చేతులకు గ్లౌజులు వేసుకోండి. మీ చేతులు మీవే, ఏ అంగడిలోనూ దొరకవు.

రాజమ్మ పోయి మూడేండ్లు అయింది. ఒక పొద్దున మేకలకు ఆకు వేస్తా వేస్తా గుండె పట్టుకుని కూర్చుండిపోయింది. ఆసుపత్రి చేరేలోపల అయిపోయింది.

దినకర్మ రోజు మాణిక్యం వచ్చినాడు. కట్టె ఊతగా నడుస్తా, మనిషి సగమైపోయి. నా పక్కన కూర్చున్నాడు. నేనే ఏదో ఒకటి అనాలని, "నువ్వు ఆ కొత్త మిషను తెచ్చినప్పుడు నీ మీద ఎంత కోపం వచ్చిందో తెలుసా అణ్ణా" అన్నాను.

ఆయన నా మొగం చూసినాడు. "నేను ఎక్కడ తెచ్చినాను? నీ పెండ్లాం కదా తెప్పించింది."

"రాజమ్మా?"

"నా ఇంటికి వచ్చి అడిగింది. ఆయన చేత్తో అన్నం ముద్ద పట్టుకోలేడు అణ్ణా, కింద పడిపోతుంది, నేను చూడనట్టు తల తిప్పుకుంటా ఉన్నాను అనింది. చేతికి అదరని మిషను ఒకటి వచ్చిందంట కదా, అది తెచ్చి ఇయ్యి, నేను అడిగినానని మాత్రం చెప్పొద్దు అనింది. చెప్తే నువ్వు ముట్టుకోవంట."

నిజమే. చెప్పి ఉంటే ముట్టుకుని ఉండను.

ఆ రంపం గొంతు ఆమెకు అర్థం కాలేదు. పాతదాన్ని వినేదానికి ఆమెకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. అది తెలిసి తెలిసి నా చేతుల కోసం దాన్ని వదులుకుంది. మళ్లీ మొదటి నుంచి కొత్తగా వినడం నేర్చుకుంది. నాతో ఒక్క మాట అనలేదు. అప్పటి నుంచి ఎవరైనా వచ్చి పాతదా కొత్తదా అని అడిగితే నా నోట మాట తిన్నగా రాదు.

పోయిన వానకాలం

మా వీధి శివరాజు ఇప్పుడు సొంతంగా గుంపు నడుపుతా ఉన్నాడు. పోయిన వానకాలంలో పెన్నాగరం అవతల ఒక పల్లెలో వేపమాను గాలికి వేర్లు కదిలి, ఒక ఇంటి మీదికి ఒరిగింది. శివరాజు నా దగ్గరికి వచ్చినాడు.

"పెద్దనాయనా, తాడు దగ్గర నిలబడే మనిషి కృష్ణగిరిలో పెండ్లికి పోయినాడు. ఆ ఇంటివాళ్లు భయపడి బయటే కూర్చుని ఉన్నారు. నువ్వు వచ్చి నిలబడితే చాలు, లాగేవాళ్లు ఉన్నారు."

"నేను రంపం పట్టేవాడిని రా. తాడు దగ్గర ఎప్పుడూ నిలబడలేదు."

"చూస్తా ఉండు, అంతే."

పోయినాను. ఆ ఇంటి ఆమె సామాన్లన్నీ బయట పెట్టుకుని, ఎనుమును వేరే చోట కట్టేసి, మా మొగాలు చూస్తా నిలబడింది. ఇల్లు లేని పక్కకు, మేము ఉన్న బయలు వైపు, మానును తిప్పి పడేయాలి. పై కొమ్మకు తాడు కట్టినారు. నేను దూరంగా పోయి, తలా మొదలూ రెండూ కనపడే చోటు చూసుకుని నిలబడినాను. సన్న తాడు నా చేతిలో. దాని కొస శివరాజు నడుములో.

రంపం మోగింది. నా చెవులు పాడైపోయినాయి కాబట్టి ఆ కీచు నాకు దోమ పాడినట్టు వినపడింది. మిగిలింది కండ్లే. తల వైపు చూస్తా ఉన్నాను. తలను మాత్రమే చూడాలని తెలుసు. కానీ క్షణానికొకసారి కండ్లు కిందికి దిగిపోతా ఉన్నాయి. అక్కడ ఆ పెద్ద మాను కింద, వంగిన వీపు ఒకటి. తల ఎత్తదు. పైకి చూడదు. పై సంగతి అంతా నాకు వదిలేసి, తన పని తాను చేసుకుంటా ఉంది. ఆ వీపు ఎంత చిన్నగా కనపడిందో చెప్పలేను. చేతిలో తాడు చెమటకు జారతా ఉంది.

ఇన్నేండ్లు రాజమ్మ నిలబడింది ఇక్కడ. ఆమె చూసింది ఇది. నేను చెట్లు కోసినానని అనుకుంటా వచ్చినాను. ఆమె చెట్లను ఎక్కడ చూసింది!

కొమ్మ కొస ఒకటి ఇంటి పక్కకు వణికినట్టు అనిపించింది. ఒకసారి లాగినాను. శివరాజు వెంటనే ఆపేసినాడు. ఎందుకని అడగలేదు, వెనక్కి కూడా తిరగలేదు. వాళ్లు విన్నారు, నేను తలను చూసినాను. ఏమీ లేదు, గాలి. ఇంకా కొంచెం బిగించి లాగమని మనుషులకు చెయ్యి చూపించినాను. మళ్లీ మోగించినాడు. ఈసారి తల మెల్లగా మా పక్కకు తిరిగింది, ఆగింది, తర్వాత మొత్తం వచ్చి బయలు మీద పడింది. నేల అదిరింది. ఆ ఇంటి ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. మనుషులు కేకలు వేసినారు. అందరూ పడిన మాను వైపు పరుగెత్తినారు.

నేను అటు చూడలేదు. మాను మొదలు దగ్గర దుమ్ము లేచి ఏమీ కనపడలేదు. అది మెల్లగా దిగింది. శివరాజు నిలబడి ఉన్నాడు, రంపం కింద పెట్టి, అందరి మాదిరే పడిన మానును చూసుకుంటా. వాడు అట్ల నిలబడి ఉండేది చూసినాకే నా వేళ్లు తాడును వదిలినాయి.